మేఘంలో తొలిపాఠం

మా మేనకోడలు ఇంజనీరింగు కళాశాలలో రెండవ సంవత్సరం చదువుతున్నది. ఈ ఏడు వారికి ‘క్లౌడ్ కంప్యూటింగు’ అనే ప్రారంభపాఠం పెట్టారు. మొదటి వారంలోనే ఒక సాయంకాలం ఆ అమ్మాయి మా వసారాలో కూర్చుని, తన చిన్న కంప్యూటరు తెరమీద ఊళ్ళ పేర్ల జాబితా ఒకటి చూపించి, అందులో ముంబయిని ఎంచుకున్నది. రెండు మూడు నిమిషాలలో ఎక్కడో ముంబయిలో ఒక యంత్రం ఆమె ఆజ్ఞకు మేల్కొన్నది. “ఇప్పుడిది నాది, మామయ్యా!” అన్నది. ఆ యాజమాన్యానికి అర్థమేమిటో నెల తిరిగేసరికి తెలిసింది. పాఠం ముగిసిన తరువాత యంత్రాన్ని ఆపివేయడం ఆమె మరచిపోయింది. అది రాత్రింబవళ్ళు పని లేకుండా నడిచింది. గంటలు లెక్కకట్టిన బిల్లు వాళ్ళ నాన్నగారి కార్డు మీదికి వచ్చింది. సొమ్ము పెద్దది కాదు. కాని ఆ పిల్ల నాలుగు రోజులు ఆ పాఠం జోలికి పోలేదు.

ఆమె పుస్తకం తిరగవేశాను. 2011లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన నిర్వచనంతో పాఠం మొదలవుతుంది. మేఘానికి అయిదు లక్షణాలు చెప్పారు. అడిగిన వెంటనే దొరకడం, ఎక్కడినుండి అయినా అందడం, పలువురికి ఉమ్మడిగా ఉండడం, అవసరాన్నిబట్టి పెరిగి తరగడం, చివరిది కొలిచి ఇవ్వడం. ఇంజనీర్లు తమ పటాలలో దూరాన ఉన్న తంత్రీజాలాన్నంతా వివరంగా గీయక ఒక మబ్బుబొమ్మ వేసి ఊరుకునేవారు. ఈ పేరు ఆ బొమ్మను గుర్తుకు తెస్తుంది. మా అమ్మాయిని బెదరగొట్టింది మాత్రం ఆ అయిదవ లక్షణం. దాని చరిత్ర పుస్తకంలో లేదు.

1950 ప్రాంతాలలో ఈ యంత్రాలు గదులు నిండే పరిమాణంలో ఉండేవి. ఖరీదు లక్షల డాలర్లు. యంత్రం ఒక్క నిమిషం ఊరకే ఉన్నా నష్టమని భావించేవారు; మనిషి ఒకరోజు ఊరకే కూర్చున్నా ఎవరికీ పట్టేది కాదు. విద్యార్థి తన లెక్కను అట్టముక్కల మీద చిల్లులుగా పొడిపించి, ఆ కట్టను యంత్రశాల ఉద్యోగి చేతికి ఇచ్చి వెళ్ళాలి. ఫలితం గంటల తరువాతనో, మరునాడో కాగితం మీద అచ్చయి వచ్చేది. ఒక్క కామా తప్పిపోతే ఆ కాగితం మీద ఫలితానికి బదులు తప్పు ఉన్నదన్న మాట ఉండేది. సవరించి మళ్ళీ కట్ట ఇచ్చి మళ్ళీ ఎదురుచూడాలి.

1959 జనవరిలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన జాన్ మెకార్తీ ఈ పద్ధతి మార్చాలని ఒక లేఖ వ్రాశాడు. యంత్రం మనిషికంటె ఎన్నో రెట్లు వేగం కలది గనుక, దాని కాలాన్ని చిన్న తునకలుగా కోసి పలువురికి వంతులవారీగా పంచవచ్చునని ఆయన ఊహ. దీనిని గ్రహించడం తెలుగువారికి కష్టం కాదు. అష్టావధాని ఎనిమిదిమంది పృచ్ఛకుల నడుమ కూర్చుని, ఒకరికి సమస్యలో ఒక పాదం, మరొకరికి దత్తపదిలో ఒక పాదం చెప్పుతూ తిరిగి మొదటివారి వద్దకు వస్తాడు. ఎవరి పద్యం వారిది; ఒకరిది మరొకరిదానిలో కలవదు. యంత్రం చేయవలసినదీ ఇదే. అయితే అది సెకనులో చిన్న భాగంలోనే తిరిగివస్తుంది కనుక, ప్రతివాడూ తనకొక్కడికే పనిచేస్తున్నదని భ్రమిస్తాడు. 1961 నవంబరులో ఫెర్నాండో కోర్బటో బృందం ఆ విద్యాసంస్థలోనే దీనిని చేసి చూపించింది. అదే సంవత్సరం ఆ సంస్థ శతవార్షికోత్సవంలో మెకార్తీ ప్రసంగిస్తూ, టెలిఫోను వలెనే గణనశక్తి కూడా ఒకనాడు ప్రజలకు సరఫరా అయ్యే వసతి కావచ్చునన్నాడు. టెలిఫోను అన్నాడంటే మీటరు కూడా అన్నట్లే.

ఇదే ఊహను మరొక రీతిగా చూచినవారు ఇద్దరు. న్యూ హాంప్‌షైరు రాష్ట్రంలో హానోవర్ అనే చిన్న ఊరిలో డార్ట్‌మత్ కళాశాల ఉన్నది. అక్కడి గణితాచార్యులు జాన్ కెమెనీ, థామస్ కర్ట్స్. కెమెనీ బుడాపెస్టులో పుట్టి 1940లో అమెరికా చేరినవాడు, కొంతకాలం ఐన్‌స్టైనుకు సహాయకుడు. కర్ట్స్ కళాశాలలో యంత్రం లేని రోజులలో అట్టముక్కలు పట్టుకొని రైలెక్కి మసాచుసెట్స్ వెళ్ళి లెక్కలు చేయించుకొని వచ్చేవాడు. వంతులపద్ధతి చేపట్టమని ఆయనకు సలహా ఇచ్చింది మెకార్తీయే. తమ విద్యార్థులలో అధికసంఖ్యాకులు శాస్త్రవిద్యార్థులు కాకపోయినా, వారందరూ యంత్రంతో మాట్లాడాలని ఈ ఇద్దరి పట్టుదల. అందుకు సులభమైన మాటలతో ‘బేసిక్’ అనే భాషను కల్పించారు. యంత్రాన్ని పంచే విధానం వ్రాసినవారిలో అధికులు డిగ్రీ చదువుతున్న కుర్రవాళ్ళే! 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకు రెండు టెలిటైపుల నుండి ఒకే సమయంలో ఆజ్ఞలు వెళ్ళాయి; రెండింటికీ సమాధానం వచ్చింది.

నేను ముఖ్యమనుకునేది తరువాతి సంగతి. ఆ కళాశాలలో విద్యార్థి యంత్రం వాడుకున్నందుకు రుసుము లేదు. గ్రంథాలయంలో అలమారలు తెరచి ఉంచినట్లు యంత్రాన్నీ తెరచి ఉంచాలని వారు వాదించారు. పుస్తకం తీసి నాలుగు పుటలు తిప్పి పెట్టినవాణ్ణి ఏమి సాధించావని ఎవరూ అడగరు. ఆటలు ఆడుకున్నా అడ్డుచెప్పలేదు. ఉచితమంటే ఖర్చు లేదని కాదు. కళాశాల నిధులూ ప్రభుత్వపు గ్రాంటులూ దానిని మోశాయి. బిల్లు విద్యార్థి చేతికి రాలేదు, అంతే. మన ఇళ్ళలో ఒకప్పుడు రేడియోకు సాలుకొకసారి లైసెన్సు రుసుము కట్టేవారు. ఎన్ని గంటలు విన్నారని ఎవరూ కొలవలేదు.

మీటరు మాత్రం ఊరుకోలేదు. డార్ట్‌మత్ పద్ధతినే తీసుకొని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1965లో యంత్రకాలాన్ని అమ్మడం మొదలుపెట్టింది. 1968లో సియాటిల్ నగరంలో లేక్‌సైడ్ అనే పాఠశాలకు తల్లుల సంఘం పాతసామానులు అమ్మిన సొమ్ముతో ఒక టెలిటైపునూ, కొంత యంత్రకాలాన్నీ సమకూర్చింది. ఆ సొమ్మును పిల్లలు చూస్తూండగానే ఖర్చుచేశారు. వారిలో బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఉన్నారు. తరువాత అదే నగరంలో మరొక సంస్థ, తమ యంత్రంలోని లోపాలు వెదికిపెట్టినందుకు ప్రతిగా వారికి ఉచితకాలం ఇచ్చింది. ఆ ఉచితపు గంటలే లేకపోతే వారి చదువు ఏ దారి పట్టేదో!

1975 తరువాత ఎవరి యంత్రం వారి బల్లమీదికి వచ్చింది. పంచుకోవలసిన పని తగ్గింది. మళ్ళీ 2006లో అమెజాన్ కంపెనీ తన నిల్వస్థలాన్నీ, యంత్రకాలాన్నీ అద్దెకు పెట్టడంతో పాతమార్గం కొత్తపేరుతో తెరచుకున్నది. 2022 నవంబరులో హైదరాబాదులోనూ ఆ కంపెనీ యంత్రశాలలు పనిలోకి వచ్చాయి. మేఘమన్నమాటే గాని, గోడలూ కరెంటూ కాపలా ఉన్న కట్టడాలవి.

ఈ కథంతా మా మేనకోడలికి చెప్పాను. “ఆ డార్ట్‌మత్ పిల్లలు యంత్రం ఆపడం మరచిపోతే ఎంత బిల్లు వచ్చేది, మామయ్యా?” అని అడిగింది. ఏమీ వచ్చేది కాదన్నాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత లేచి లోపలికి వెళ్ళి, ముంబయి యంత్రం ఆగి ఉన్నదో లేదో చూచుకొని వచ్చింది.