గోడలో గూడు, బండ అర

మా ఇబ్రహీంపట్నం వైపు పాత ఇళ్ల మట్టిగోడలు మందంగా ఉండేవి. గోడ కడుతూనే గూళ్లు వదిలేవారు. దీపం ఒకదాంట్లో, పంచాంగం, నాలుగు పుస్తకాలు ఇంకోదాంట్లో. పైసా ఖర్చు లేదు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలయ్యాక గ్రంథాలయోద్యమం తెలంగాణ ఊళ్లకు పాకింది. చదివే ఇళ్లు పెరిగాయి, గూడు చాలలేదు. ఇటుకలొచ్చి గోడ సన్నబడ్డాక అదీ పోయింది. అప్పుడు అల్మారాల్లో బండలే అరలయ్యాయి.

2016 దాకా మన జిల్లాలోనే ఉన్న తాండూరు బండ ఇందుకు చవక. చెదలు తినవు. పొడవెక్కువైతే మధ్యలో ఆధారం పెట్టించాలి, అంతే. మేస్త్రీ ప్లైవుడ్ అన్నా నేను అరలకు బండే వేయించాను, తలుపులకే చెక్క. మీరూ తడి తగలని లోపలి గోడ చూసుకోండి. మిగిలిన డబ్బుతో పిల్లలకు పుస్తకాలు కొనొచ్చు.