వీధిబడి బోధనపద్ధతి: కాంబెలు నివేదికయందలి రెండు తీర్పులు

క్రొత్తగా అధ్యాపకవృత్తియందు ప్రవేశించినవానికి పాఠ్యవిషయముకన్న ముందు ఎదురగు సమస్య పద్ధతి. చెప్పవలసిన దేదో పాఠ్యప్రణాళిక నిర్ణయించును. ఎట్లు చెప్పవలయునో అతడే నిర్ణయించుకొనవలయును. శిక్షణకళాశాలయందు అతడు నేర్చిన పద్ధతులకు పేరులు కలవు, క్రమములు కలవు. కాని ఏ పద్ధతి ఏ ప్రయోజనమునకై, ఎట్టి తరగతిలో పుట్టినదో తెలుపు చరిత్ర అతనికి సాధారణముగా అందదు. తెలుగుదేశమున ఈ చరిత్రకు మంచి యాధారములు కలవు. వానిలో ముఖ్యమైనది బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెలు 1823 ఆగస్టు 17వ తేదీన మదరాసు రెవెన్యూ బోర్డునకు వ్రాసిన నివేదిక. అందలి బోధనాంశములను పరిశీలించి, వానినుండి పద్ధతీనిర్ణయమునకు గల సూత్రమేదో తెలిసికొనుట ఈ వ్యాసోద్దేశము.

ఈ నివేదికపై వాదములు చాలకాలముగా జరుగుచున్నవి. 1931 అక్టోబరులో గాంధీమహాత్ముడు లండను నగరమున ప్రసంగించుచు, ఆంగ్లేయుల పాలనలో భారతీయవిద్య అను సుందరవృక్షము నశించినదని చెప్పెను. ఫిలిప్ హార్టాగు దానిని ఖండించెను. 1983లో ధర్మపాల్ ఆ ప్రసంగమునుండియే పేరు గ్రహించిన తన గ్రంథమున మదరాసు కలెక్టరుల నివేదికలను ప్రకటించి గాంధీమహాత్ముని పక్షమును బలపఱచెను. అప్పటినుండి పరిశోధకులలో కొందఱు కాంబెలు ప్రశంసావాక్యములను, కొందఱు అతని నిందావాక్యములను ఉదాహరించుచున్నారు. రెండును ఒకే నివేదికలో, ఒండొంటికి చేరువనే యున్నవి. ఒకదానిని విడిచి మఱియొకదానిని గ్రహించినచో రెండింటి యర్థమును చెడును.

నివేదిక పుట్టిన సందర్భ మిది. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూను 25వ తేదీన ప్రతి మండలమునందలి బడుల సంఖ్యను, విద్యార్థుల సంఖ్యను తెలుపవలసినదని కోరెను. పెక్కురు కలెక్టరులు పట్టికలతో సరిపుచ్చిరి. కాంబెలు పట్టికతోపాటు బోధనక్రమమునుగూడ వర్ణించెను. అతడు 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ప్రకటించినవాడు. కావున బడిలో బాలుడు చదువు పద్యమునకును, ఇంట మాటలాడు భాషకును గల భేద మతనికి వినికిడి విషయము కాదు. అనంతపురము 1882లో ప్రత్యేకమండల మగువఱకు ఆ ప్రాంతము బళ్లారిలోనిదే. అతడు లెక్కించిన బడులు 533. వానిలో కన్నడబడులు 235, తెలుగుబడులు 226. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మొదలగువానికి సంబంధించినవి. విద్యార్థులు 6,641. సగటున బడికి పండ్రెండు, పదుముగ్గురు బాలురని తేలుచున్నది. ఈ సంఖ్య మున్ముందు మనకు మిక్కిలి యుపయోగించును.

బడి ప్రాతఃకాలమున ఆఱుగంటలకు ఆరంభమగును. మొదట వచ్చిన బాలుని యఱచేత గౌరవచిహ్నముగా సరస్వతి పేరు వ్రాయుదురు; రెండవవానికి సున్న; మూడవవానికి ఒక చిన్న దెబ్బ; నాల్గవవానికి రెండు; ఆపై వచ్చినవారికి క్రమముగా ఒక్కొక్కటి హెచ్చు. బాలురను సామాన్యముగా నాలుగు తరగతులుగా విభజింతురు. క్రిందితరగతులు కొంతవఱకు పెద్దవిద్యార్థుల యధీనమున నుండును. పైతరగతులను గురువు స్వయముగా చూచుకొనుచు, బడినంతటిని ఒకకంట కనిపెట్టుచుండును.

అక్షరములు నేర్పు విధము విశేషముగా గమనింపదగినది. బాలుడు అక్షరమును మొదట నోట వల్లించి కాక, ఇసుకలో వ్రేలితో వ్రాసి నేర్చుకొనును. ఐరోపా దేశములయందలి వాడుకకు ఇది భిన్నమని కాంబెలు ప్రత్యేకముగా చెప్పెను. చేయి కుదిరిన పిమ్మట తాటాకుపై గంటముతోనో, కాగితముపై కలముతోనో, మసిపూసిన పలకపై బలపముతోనో వ్రాయు నర్హత లభించును. గుడ్డకు అంటుపట్టించి మసిపూసి పుస్తకమువలె మడచిన కడితమును వాడుకలో నుండెను. తడిగుడ్డతో తుడిచిన మరల క్రొత్తది. తరువాత గుణింతములు, ఒత్తులు. ఆపై మనుష్యుల పేరులు, గ్రామముల పేరులు. పిదప ఎక్కములు, కూడికలు, భిన్నములు. గురువు సేకరించిన పలువుర చేవ్రాతలను చదువుట, ఉత్తరములు, ఒడంబడికలు వ్రాయుట చదువులో భాగములు. పద్యములను కంఠస్థము చేయించుట మాత్రము ప్రధానముగా ఉచ్చారణస్పష్టత కొఱకును, తడబాటులేని పఠనము కొఱకును.

దీనిపై కాంబెలు ఇచ్చిన మొదటి తీర్పు ప్రశంస. వ్రాత నేర్పుటయందలి మితవ్యయమును, ముందున్న విద్యార్థి వెనుకవానికి నేర్పుచు తన చదువును గట్టిపఱచుకొను విధానమును అతడు మెచ్చుకొని, ఇంగ్లండు దీని ననుకరించుట తగియే యున్నదనెను. ఆ యనుకరణమునకు మూలము ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు. 1789లో మదరాసు ఎగ్మూరునందలి సైనిక అనాథబాలుర శరణాలయమునకు అధ్యక్షుడైన బెల్, ఒకనాడు దేశీయబడిలో బాలురు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టుడని ఉపాధ్యాయులను కోరగా, వారు అది కుదరదని విముఖులైరి. అంతట నతడు జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునకు క్రిందితరగతి నప్పగించెను, బాలుడు నెగ్గెను. 1796లో స్వదేశమునకు మరలిన బెల్, 1797లో తన ప్రయోగమును ప్రకటించెను. అదియే మదరాసు పద్ధతి యను పేర ప్రసిద్ధమై, 1811లో స్థాపితమైన నేషనల్ సొసైటీ ద్వారా ఇంగ్లండున వ్యాపించెను.

ఇచట నొక భేదమును గుర్తింపవలయును. మన వీధిబడిలో పండ్రెండుగురు బాలురు. వారి స్థాయిలు వేఱు. పెద్దవాడు చిన్నవానికి చెప్పుటవలన గురువునకు ప్రతి బాలుని వద్దకు పోవు తీరిక చిక్కెను. ఇంగ్లండునందలి శాలలలో బాలురు వందలకొలది. అచట పెద్దవిద్యార్థి గురువునకు తీరిక కల్పించువాడుగా కాక, గురువునకు బదులు నిలిచినవాడయ్యెను. ఇచట చనువును పెంచిన యేర్పాటే అచట ఈలలతో, ఆజ్ఞలతో, వరుసలతో నడచు యంత్రమయ్యెను. పద్ధతి పేరు మాఱలేదు; తరగతి పరిమాణము మాఱగా దాని స్వభావమే మాఱెను.

కాంబెలు రెండవ తీర్పు నింద. దేశీయబడుల ముఖ్యలోపములు చదివించు గ్రంథముల స్వభావము, సమర్థులైన గురువుల కొఱత యని యతడు చెప్పెను. పద్యభాష వాడుకభాషకు దూరము. అర్థము బాలునకు తెలియదు, పెక్కుచోట్ల గురువునకును తెలియదు. అసంఖ్యాకములైన పద్యములను తప్పులేక అప్పజెప్పు బాలునకు వాని యర్థము చిలుకకు తెలిసినంతయే తెలియునని యతని యభిప్రాయము. దీనిని పరదేశీయుని తిరస్కారమని త్రోసివేయుట తగదు. మొదటి తీర్పు చెప్పినవాడే రెండవదియు చెప్పెను. రెంటికిని వైరుధ్యము లేదు. ప్రశంస వ్రాతకు సంబంధించినది. నింద అర్థమునకు సంబంధించినది. వీధిబడిపద్ధతి చేతికిని, కంటికిని, నాలుకకును గొప్ప శిక్షణ మొసగెను. అర్థగ్రహణమును అది లక్ష్యముగా పెట్టుకొనలేదు. లక్ష్యము కానిదానిని సాధింపలేదని పద్ధతిని దూషించుటయు, సాధించినదానిని చూపి సాధింపనిదానిని కప్పిపుచ్చుటయు సమానదోషములే.

గురువుల కొఱతకు కారణమును మన్రో తన 1826 మార్చి 10వ తేదీ పత్రమున చూపెను. సుమారు కోటి ఇరువదియెనిమిది లక్షల జనమునకు 12,498 బడులు. కాని గురువునకు నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదు. అంత స్వల్పమునకు అర్హు లీవృత్తికి రారు. కలెక్టరేటు బడులు 40, తాసిల్దారీ బడులు 300 నెలకొల్పి, మొదటివానియందలి గురువునకు 15 రూపాయలును, రెండవవానియందలి గురువునకు 9 రూపాయలును ఈయవలయునని అతడు సూచించెను. మఱుసటియేడే మన్రో పత్తికొండవద్ద మరణించెను. ఆ బడులు చిరకాలము నిలువలేదు. పద్ధతీచర్చయందు గురువు జీవిక చేరదని తలంచువారు ఈ పత్రమును చదువదగును.

అర్థమునుగూర్చిన ప్రశ్న ఎనుబదియేండ్లకు పైగా నిలిచియుండి, 1907 ప్రాంతమున ఉత్తరకోస్తా మండలములలో మరల తలయెత్తెను. పాఠశాలల పర్యవేక్షణాధికారి జె. ఏ. యేట్సు తెలుగు నేర్చుకొనుచు, జనులు మాటలాడు తెలుగునకును, తరగతిలో నేర్పు తెలుగునకును ఇంత భేద మేల యని ప్రశ్నించెను. విశాఖపట్టణ కళాశాలాధ్యక్షుడు పి. టి. శ్రీనివాసయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను చేపట్టిరి. ఆ పిదప జరిగిన వాదము తెలుగుసాహిత్యచరిత్రలో వ్యావహారికభాషోద్యమముగా ప్రసిద్ధము. 1914లో గురజాడ వ్రాసిన అసమ్మతిపత్రమును మనము భాషాచరిత్రగా చదువుదుము. అది బోధనచరిత్రయు నగును. ఉద్యమము పుట్టినది సాహిత్యసభలో కాదు, తరగతిగదిలో.

రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరినపుడు పదునేడేండ్లవాడు. ఆ ప్రాంతమునందలి సవరజాతివారికి చదువు చెప్పదలచినపుడు, అతడు మొదట పద్ధతిని వెదకలేదు, భాషను వెదకెను. సవరభాష తెలిసినవానిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చెను. ఆ భాషలో పుస్తకములు వ్రాసెను. స్వంతవ్యయముతో బడులు పెట్టెను. కాంబెలు చూపిన లోపమునకు ఇంతకన్న సూటియైన సమాధానము మన విద్యాచరిత్రలో అరుదు. బాలుని భాష తెలియని గురువునకు ఏ పద్ధతియైనను వల్లెవేయించు పద్ధతియే యగును.

ఈ పరిశీలనమువలన తేలు సారాంశ మిది. పద్ధతిని నిర్ణయించుకొనునపుడు అధ్యాపకుడు వేసికొనవలసిన ప్రశ్నలు మూడు. దీనివలన విద్యార్థికి కలుగవలసినది నైపుణ్యమా, అవగాహనమా? నా తరగతి పండ్రెండుగురిదా, నూఱుగురిదా? నేను చెప్పు భాష వినువాని భాషయేనా? మొదటి ప్రశ్న కాంబెలు రెండు తీర్పులనుండియు, రెండవది మదరాసు పద్ధతి ప్రయాణమునుండియు, మూడవది పర్లాకిమిడినుండియు వచ్చినవి. వల్లెవేయుట చెడ్డదనియో, చర్చాపద్ధతి మంచిదనియో సామాన్యముగా చెప్పుట చరిత్ర యొప్పుకొనదు. ఛందస్సు నేర్చువానికి గణములు నోటికి రావలసినదే; ఆ పద్యము యొక్క భావము మాత్రము నోటితో రాదు.

పరిశోధకులకు విన్నప మొక్కటి. బళ్లారి నివేదికవలెనే మన మండలములనుగూర్చిన తక్కిన నివేదికలలోని సంఖ్యలతో బడు లెన్ని యుండెనో లెక్కించితిమి. ఆ బడులలో ఏమి జరిగెనో తెలుపు సాక్ష్యములు, అనగా కడితములు, ఎక్కాల పుస్తకములు, బాలురు దిద్దిన తాటాకులు, గ్రంథాలయములయందును, పాతయిండ్ల అటుకులపైనను ఇంకను మిగిలియుండవచ్చును. అవి చెదలపాలు కాకమునుపే సేకరింపవలయును. గురువు చెప్పినదానికి నివేదికలు సాక్ష్యము. శిష్యుడు నేర్చినదానికి అవియే సాక్ష్యము.