లాకుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు

"నాకు ఇంగ్లీషు రాదు" అని నలుగురిలో నోరు మెదపని వాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. యాప్‌లో రోజుకి పది మాటలు బట్టీ పడతాం, వారం తిరిగేసరికి సగం మర్చిపోతాం. కానీ మన గోదావరి జిల్లాల్లో బడి మొహం చూడనివాళ్ళ నోళ్ళలో పడిన ఇంగ్లీషు మాటలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఎలా నిలబడ్డాయో చూద్దాం.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కణ్ణించి తీసిన పెద్ద కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అన్నీ పడవల మీదే వెళ్ళేవి. అయితే నేల వాలుని బట్టి కాలవ మెట్లు మెట్లుగా దిగుతుంది. పడవ మెట్లు దిగలేదు కదా! అందుకని మెట్టున్న చోట ముందొక జత, వెనకొక జత తలుపులు పెట్టి గదిలా కట్టారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. గదిలో నీళ్ళు మెల్లగా కిందికి వదిలితే నీటితోపాటు పడవా దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తీస్తారు. ఇంగ్లీషులో దీని పేరు లాక్. మనవాళ్ళ నోట్లో లాకులు.

"లాక్ అంటే తాళం కదా?" అంటారా? అదే నేను చెప్పాలనుకున్నది. పడవవాడికి ఎవరూ అర్థం రాసివ్వలేదు. తలుపులు మూసుకోవడం, నీళ్ళు దిగడం కళ్ళారా చూశాడు, ఆ పని జరిగే చోటే ఆ మాట విన్నాడు. అందుకే తాళానికీ లాకులకీ అతనికి ఎప్పుడూ తికమక రాలేదు. మనమూ ఒంటి మాట కాకుండా వాక్యంతో పట్టుకోవాలి. "లాక్ ద డోర్" అంటే తలుపుకి తాళం వెయ్యి. "ద బోట్ ఈజ్ ఇన్ ద లాక్" అంటే పడవ లాకుల్లో ఉంది. పక్కనున్న మాటలే అర్థం చెప్పేస్తాయి.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం దాటడానికి బైకుతో సహా ఎక్కే పంటు చూడండి. ఇంగ్లీషులో పంట్ అంటే అడుగు చదునుగా ఉండే పడవ. పి.గన్నవరంలో నది మీదుగా కాలవ నీళ్ళని దాటించే కట్టడం అక్విడెక్టు. కాలవ మీద గేట్లు చూసుకునే లస్కరు మాట మాత్రం ఫార్సీలో పుట్టి, ఇంగ్లీషువాళ్ళ నోట నలిగింది.

నేర్చుకున్నది మనమే కాదండోయ్. ఆనకట్టకి ఇంగ్లీషు ఇంజనీర్లు రాసిన మాట అనికట్. అది తమిళం అణైకట్టు నుంచి తీసుకున్నదే. వాళ్ళూ పని చేసే చోటే మాట పట్టుకున్నారు, దానికి సిగ్గుపడలేదు. రాజమండ్రిలో కూడా ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకి 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు.

అయితే చెవితో నేర్చుకుంటే చాలా? చాలదు. మాట వచ్చినా అక్షరం రాకపోతే కాగితం దగ్గర ఇంకొకరి మీద ఆధారపడాల్సిందే. ఈ సంగతి డెల్టా రైతులకి తెలుసు. 1850ల్లో టేలర్ అనే సబ్ కలెక్టర్ హయాంలో నరసాపురం ప్రాంతపు రైతులు శిస్తు మీద కొంచెం అదనంగా కట్టి ఊళ్ళల్లో బళ్ళు పెట్టించుకున్నారు. నరసాపురంలో టేలర్ హైస్కూలు పేరు ఆయనదే.

కాబట్టి రెండూ కావాలి. ముందు పని దగ్గర మాట, తర్వాత దాని అక్షరం. మీరు షాపులో ఉన్నా, మెకానిక్ షెడ్‌లో ఉన్నా, రొయ్యల చెరువు దగ్గరున్నా, రోజూ మీ చెవిన పడే ఇంగ్లీషు మాటలు ఐదు రాసుకోండి. ఒక్కోదానితో ఒక వాక్యం చెప్పి చూడండి. ఇంగ్లీషు మీకు అసలు రాదన్న మాట అబద్ధమని ఆ ఐదింటితోనే తేలిపోతుంది.

ఉంటానండీ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.