శంషాబాద్ వాన లెక్కలు, ఎండ లెక్కలు

హైదరాబాదుకు దక్షిణాన, కర్నూలు రోడ్డు మీద ఉన్న శంషాబాద్‌లో వానను కొలిచే పని ఆరో నిజాం కాలానికే మొదలైంది. ఆ కొలతలు లోకానికి తెలిసింది మాత్రం వరద పుణ్యమా అని. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచెత్తినప్పుడు ఇక్కడి వర్షమాపకం 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు చూపింది. నేటి కొలమానంలో సుమారు 325, 480 మిల్లీమీటర్లు. ఏడాది మొత్తానికి పడే వానలో సగానికి పైగా రెండు రోజుల్లోనే కురిసిందన్నమాట. మరుసటి ఏడు హైదరాబాదు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద కారణాలు తేల్చేటప్పుడు చూసిన లెక్కల్లో ఇదీ ఉంది. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని ఆయన లెక్కగట్టారు.

వరద ఒక్క రోజు లెక్కతో తేలిపోతుంది. కరువు అలా కాదు. ఈ ఏడు తక్కువ పడిందని చెప్పాలంటే అంతకుముందు పాతిక ముప్పై ఏళ్లు అదే చోట, అదే పద్ధతిలో, ఒక్క రోజూ తప్పకుండా కొలిచి ఉండాలి. శంషాబాద్ చుట్టుపక్కల అలాంటి వరుస ఏ ఒక్కరి చేతిలోనూ సాగలేదు. వరద కోసం ఒకరు, విమానాల కోసం ఒకరు, పంటల కోసం మరొకరు కొలిచినవే తర్వాత కరువుకూ వడగాడ్పులకూ ఆధారాలయ్యాయి.

కొలిచే పని చూడటానికి సులువే. ఆరుబయట, చెట్లకూ గోడలకూ దూరంగా గరాటు నోరున్న పాత్రను నేలలో పాతిపెడతారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటిని గీతలున్న గాజు కొలపాత్రలోకి వంచి చూస్తారు. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడిన వాన ఇవాళ్టి తేదీ కిందికి వస్తుంది. అందుకే ఆదివారం సాయంత్రం దంచికొట్టిన వాన రికార్డులో సోమవారం వానగా కనబడుతుంది. పాత రిజిస్టర్లు తిరగేసేవారు తరచుగా తడబడేది ఇక్కడే.

ఈ పాత్ర రాకముందు కరువును పంటను బట్టి కట్టేవారు. ఆనవారీ పద్ధతిలో నిండు పంటను పదహారణాలుగా తీసుకుని, ఆ ఏడు ఎన్ని అణాల పంట వచ్చిందో గ్రామ అధికారులు అంచనా వేసేవారు. శిస్తు వాయిదా, మాఫీ దాని మీదే ఆధారపడేవి. ఈ లెక్కలో కరువు పంట పోయాక గాని కాగితం మీదికి రాదు. దక్కన్‌ను కుదిపేసిన 1876–78 కరువు తర్వాత నియమించిన కరువు కమిషన్ 1880లో వాన లెక్కలు, పంట లెక్కలు పద్ధతిగా సేకరించాలని పట్టుబట్టడానికి కారణం ఇలాంటి ఆలస్యమే. భారత వాతావరణ శాఖ అంతకు కొద్ది ముందు, 1875లో ఏర్పడింది.

రైతుకు మాత్రం తన లెక్క తనకుంది. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు, పద్నాలుగు రోజులు. మృగశిరలో తొలకరి పడిందా, ఆరుద్రలో విత్తు మొలిచిందా, మఖ, పుబ్బ ఎండగట్టాయా అన్నదే ఊరి చరిత్ర. ఈ పద్ధతిని తీసిపారేయడానికి వీల్లేదు. శంషాబాద్ చుట్టూ ఉన్నవి ఎక్కువగా ఎర్ర చెల్కలు. వాటిలో తేమ నిలిచేది కొద్ది రోజులే. నెల మొత్తం వాన సాధారణంగానే ఉన్నా, అదంతా మొదటి వారంలోనే పడిపోతే జొన్న, ఆముదం, మొక్కజొన్న వాడిపోతాయి. నెలవారీ పట్టికలో కనబడని ఈ బెట్ట కార్తెల లెక్కలో ఇట్టే తెలుస్తుంది. ఇప్పటి కరువు నిబంధనలు కూడా వానాకాలంలో వరసగా మూడు నాలుగు వారాలు సాధారణంలో సగం కూడా పడకపోతే దాన్ని విడిగా పరిగణిస్తాయి.

వరద తర్వాత కట్టిన రెండు జలాశయాలు అనుకోకుండా కరువు కొలబద్దలయ్యాయి. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, శంషాబాద్ పక్కనే ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. హిమాయత్‌సాగర్ నిండు మట్టం 1763.5 అడుగులు. ఆ మట్టం ఏ ఏడు ఎంత దిగువన ఉందో చూస్తే ఎగువన వాన ఎలా పడిందో ఇంచుమించు తెలిసిపోతుంది. 2014, 2015ల్లో వరసగా రుతుపవనాలు ముఖం చాటేశాక 2016 వేసవికి రెండు జలాశయాలూ ఎండిపోయాయి. అయితే ఈ కొలబద్దకూ ఒక లోపం ఉంది. ఎగువన బోర్లు, లేఅవుట్లు, రోడ్లు పెరిగాక అంత వానకూ అంత నీరు రావడం లేదు. పరీవాహక ప్రాంతంలో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో వెనకున్న ఆందోళన ఇదే.

ఉష్ణోగ్రతల చరిత్ర నడిచింది మాత్రం శంషాబాద్‌లో కాదు, బేగంపేటలో. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో ప్రభుత్వం తీసుకుని, తర్వాత బేగంపేటకు మార్చింది. 1930ల్లో అక్కడే విమానాశ్రయమూ వచ్చింది. నగరానికి అధికారిక ఉష్ణోగ్రతగా చెప్పుకునేది బేగంపేట వాతావరణ కేంద్రం అంకెనే. గోడలకు బదులు వాలు పలకలున్న తెల్లరంగు చెక్కపెట్టెలో, నేలకు దాదాపు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో ఉన్న థర్మామీటరు చూపేది ఈ అంకె. ఎండలో కారు మీద పెట్టిన పరికరం చూపే 50 డిగ్రీలతో దీన్ని పోల్చడం అర్థం లేని పని.

బేగంపేట రికార్డులో అత్యధికం 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. అది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు. దేశంలో వరస కరువులు సాగిన రోజులూ అవే. ఎండకూ కరువుకూ ఉన్న లంకె ఇక్కడ స్పష్టం. నేలలో తేమ ఉంటే సూర్యుడి వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తేమ లేకపోతే ఆ వేడంతా గాలికే చేరుతుంది.

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు, 6.4 దాటితే తీవ్ర వడగాడ్పు. సాధారణంతో పనిలేకుండా 45 చేరినా వడగాడ్పే. మే నెల సాధారణమే 39 దరిదాపుల్లో ఉండే హైదరాబాదులో 42 డిగ్రీల రోజు కూలీకి నరకమైనా పట్టికలో వడగాడ్పు కాదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 1,700 మందికి పైగా వడదెబ్బకు చనిపోయినట్టు ప్రభుత్వాలు ప్రకటించాయి. వేసవి కార్యాచరణ ప్రణాళికలు ఊపందుకున్నది ఆ తర్వాతే.

పంటల వైపు నుంచి కొలతలు శంషాబాద్ పొరుగునే ఉన్న రాజేంద్రనగర్‌లో బలపడ్డాయి. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో వాన, ఎండలతో పాటు ఆవిరినీ కొలుస్తారు. నాలుగడుగుల వెడల్పు, పది అంగుళాల లోతు ఉన్న లోహపు తొట్టెలో నీళ్లు పోసి, పిట్టలు తాగకుండా వల కప్పి, రోజుకెంత తగ్గిందో చూస్తారు. నడివేసవిలో అది రోజుకు ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. మెట్ట సేద్యానికి ప్రత్యేకంగా సంతోష్‌నగర్‌లో 1985లో క్రీడా (CRIDA) అనే కేంద్ర పరిశోధన సంస్థ వచ్చింది. హయత్‌నగర్‌లోని దాని క్షేత్రం నేలలు కూడా ఎర్రవే.

అదే 1985లో మండలాలు పుట్టాయి. తాలూకాకు ఒకటిగా ఉన్న వాన లెక్క మండలానికి ఒకటైంది. కరువు మండలం అన్న మాట రాజకీయాల్లోకి వచ్చింది ఈ మార్పు తర్వాతే. 2015 నవంబరులో తెలంగాణ 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించగా, వాటిలో 33 అప్పటి రంగారెడ్డి జిల్లావి. ఇప్పుడు కేంద్ర సాయానికి వాన లోటు ఒక్కటే చాలదు. సాగు విస్తీర్ణం, నేల తేమ, భూగర్భజలం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం కూడా చూపించాలి. ఆ చిత్రాలను అందుకునే కేంద్రం శంషాబాద్ మీదుగా వెళ్లే ఇదే రహదారి మీద షాద్‌నగర్‌లో 1979లో ఏర్పడింది. ఆకులు ఏపుగా ఉంటే కంటికి కనబడని పరారుణ కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతాయి. ఆ తేడాను బట్టి హైదరాబాదులోని రిమోట్ సెన్సింగ్ సంస్థ 1980ల చివరి నుంచి పంట కరువును అంచనా వేస్తూ వచ్చింది. 2012లో ఆ బాధ్యత ఢిల్లీలోని మహలనోబిస్ పంట అంచనా కేంద్రానికి వెళ్లింది.

2008 మార్చి 23న విమానాలు శంషాబాద్‌కు మారాయి. దాదాపు 5,500 ఎకరాల్లో వచ్చిన ఈ విమానాశ్రయంలో అరగంటకోసారి గాలి, ఉష్ణోగ్రత, పీడనం నమోదవుతాయి. వేడెక్కిన గాలి పలచబడి విమానాన్ని తేలిగ్గా లేవనివ్వదు గనుక ఎండ లెక్క ఇక్కడ రోజువారీ అవసరం. కానీ ఈ అంకెలను బేగంపేట వరుసకు అతికించకూడదు. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున, బేగంపేట 531 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఈ తేడా వల్లే అర డిగ్రీ దాకా తగ్గుతుంది. పైగా ఒకటి ఊరి మధ్య, రెండోది ఊరి అంచున.

వీటికి తోడు రాష్ట్ర ప్రణాళికా సంస్థ మండలాల్లో నెలకొల్పిన స్వయంచాలక కేంద్రాలు వెయ్యి దాటాయి. వేసవిలో వాతావరణ శాఖ ఒక అంకె, ఈ సంస్థ ఒక అంకె ఇస్తే పత్రికలు సహజంగానే పెద్దదాన్ని మొదటి పేజీకి ఎక్కిస్తాయి. ఈ యంత్రాల్లో దేనికీ సొంతంగా ముప్పై ఏళ్ల రికార్డు లేదు. కాబట్టి లోటు కట్టడానికి పాత పాత్రల సగటులే దిక్కు. ఆ సగటులూ స్థిరం కావు. దేశమంతటి రుతుపవన వర్షానికి 1961–2010 సగటు 880.6 మిల్లీమీటర్లు. 2022లో దాన్ని 1971–2020 లెక్కకు మార్చినప్పుడు 868.6కు తగ్గింది. దాంతో దేశం మొత్తానికి పెట్టుకున్న పది శాతం లోటు గీత 793 నుంచి 782కు దిగింది. ఆ రెంటి మధ్య పడే వాన పాత లెక్కలో లోటు, కొత్త లెక్కలో లోటు కాదు.