అన్వేషణాత్మక అభ్యసనం: ప్రాథమిక తరగతిలో ప్రణాళిక

పాఠం ఉపాధ్యాయుడి వివరణతో కాక ఒక ప్రశ్నతో మొదలై, దానికి జవాబును పిల్లలే పరిశీలించి, చేసి చూసి, చర్చించి రాబట్టుకునే బోధనారీతిని అన్వేషణాత్మక అభ్యసనం అంటారు. బి.ఎడ్. పుస్తకాల్లో అన్వేషణ పద్ధతి అనగానే వచ్చే పేరు ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది. చిన్న తరగతులకు దీన్ని తెచ్చినవారిలో ముఖ్యుడు జాన్ డ్యూయీ. 1896లో షికాగోలో ఆయన ప్రారంభించిన ప్రయోగశాల పాఠశాలలో వంట, నేత, వడ్రంగం వంటి పనుల నుంచే చదువు పుట్టేది. మన దేశంలో 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవడాన్ని పాఠ్య ప్రణాళిక లక్షణాల్లో చేర్చింది. అయితే ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవడం వేరు, ఎవరి ప్రశ్నను వాళ్లు వెంబడించడం వేరు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం రూపొందించిన అభ్యసన కార్డులు, వాటి వరుసను చూపే నిచ్చెన మొదటిదానికి గొప్ప ఉదాహరణ. ఈ వ్యాసం రెండోదాని గురించి.

పిల్లలు నడిపే తరగతిలో ఉపాధ్యాయుడికి పని తగ్గుతుందన్న అభిప్రాయం ఒకటుంది. నిజానికి పని తగ్గదు, గంట కొట్టక ముందుకు జరుగుతుంది. నాలుగో తరగతిలో విత్తనాల పాఠాన్ని తీసుకుందాం. నానబెట్టిన పెసలు ఒకటి రెండు రోజుల్లో మొలకెత్తుతాయి కాబట్టి పిల్లల ఆసక్తి చల్లారకముందే ఫలితం కనబడుతుంది. చింతగింజలతో ఆ సౌకర్యం లేదు. వస్తువు ఎంపికలోనే సగం ప్రణాళిక ఉంది. మొలకలు చూపించి ప్రశ్నలు అడగమంటే కొందరు ‘చీకట్లో మొలుస్తుందా?’ అంటారు, కొందరు ‘గింజకు ప్రాణం ఉందా?’ అంటారు. మొదటిది బల్ల మీద తేలే ప్రశ్న. రెండోది నేరుగా తేలదు, అలాగని కొట్టిపారేయదగ్గదీ కాదు. ‘ఉడికించిన పెసర మొలుస్తుందా?’ అని దాన్ని మార్చుకోగలిగితే అదీ బల్ల మీదకు వస్తుంది. ఈ మార్పు ఉపాధ్యాయుడికి అప్పటికప్పుడు తట్టదు. ఏ ప్రశ్నలు రావచ్చో ముందే ఊహించి, చేసి తేల్చేవి ఏవి, ఊళ్లో రైతును అడగాల్సినవి ఏవి, పుస్తకంలో వెతకాల్సినవి ఏవి అని ఆయన వేరు చేసుకుని ఉండాలి. పాత పెసలు మొలవకపోతే, నీళ్లు ఎక్కువై కుళ్లిపోతే పిల్లలు చీకటిని తప్పుపడతారు. అందుకే ఇంట్లో ఒకసారి మొలకెత్తించి చూసుకోవడం పాఠ్యపథకం రాసుకోవడం కంటే ముఖ్యం.

ఈ పద్ధతి మీద బలమైన విమర్శ 2006లో వచ్చింది. కొత్తగా నేర్చుకునేవారిని పెద్దగా మార్గదర్శనం లేకుండా వదిలేస్తే వారి పనిచేసే జ్ఞాపకశక్తి మీద మోయలేని భారం పడుతుందని కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు వాదించారు. అంతకు రెండేళ్ల ముందు క్లార్, నిగమ్ చేసిన అధ్యయనం కూడా అటే మొగ్గింది. మూడు, నాలుగు తరగతుల పిల్లలు 112 మందికి వాలుబల్లలు, బంతులు ఇచ్చారు. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలన్న సూత్రాన్ని నేరుగా చెప్పిన జట్టులో 77 శాతం మంది పట్టుకోగా, తమంతట తాము కనుక్కోమన్న జట్టులో 23 శాతమే పట్టుకోగలిగారు. ఈ ఫలితాన్ని కాదనాల్సిన పనిలేదు, ప్రణాళికలో కలుపుకోవాలి. పెసల ప్రయోగంలో ఒక గిన్నెను అల్మారాలో, మరొకదాన్ని కిటికీ దగ్గర పెట్టి, ఒకదానికి నీళ్లు ఎక్కువ పోస్తే పోలిక చెడుతుందన్న సంగతి ముందు పది నిమిషాలు సూటిగా చెప్పేయడమే మేలు. ఆ తరువాత చీకట్లోనూ మొలకలు వచ్చాయనీ, పైగా అవి పాలిపోయి పొడుగ్గా సాగాయనీ పిల్లలే కనుక్కుంటారు. 164 అధ్యయనాలను కలిపి చూసిన ఆల్ఫియెరి బృందం 2011లో తేల్చిందీ ఇంచుమించు ఇదే: ఏ ఆసరా లేని అన్వేషణ కంటే సూటి బోధన మెరుగు, ఆసరా ఉన్న అన్వేషణ ఇతర బోధనారీతుల కంటే మెరుగు. కాబట్టి స్వేచ్ఛ ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నది ప్రణాళిక తేల్చాల్సిన విషయం. ప్రశ్న, విధానం, ఫలితం మూడూ ముందే తెలిసిన స్థాయి నుంచి ప్రశ్న కూడా పిల్లలదే అయ్యే స్థాయి వరకు బాంచి, బెల్ 2008లో చెప్పిన నాలుగు మెట్లు ఇక్కడ అక్కరకొస్తాయి. జూన్‌లో నాలుగో మెట్టుతో మొదలుపెట్టిన తరగతి గందరగోళమైతే తప్పు పిల్లలది కాదు.

సిలబస్ పూర్తికాదన్న అభ్యంతరం అబద్ధం కాదు. అన్వేషణకు రోజులు పడతాయి. అందుకే అన్ని పాఠాలనూ ఇలా నడపాలనడం మొండితనం. గుణింతాలు, ఎక్కాలు, తేదీ రాసే తీరు లోకం కుదుర్చుకున్న, సాధనతో అబ్బే విషయాలు. వాటిని చెప్పి నేర్పాలి. ఏడాదికి మూడు నాలుగు పాఠాలకు దీన్ని పరిమితం చేసుకున్నా చాలు.

నలభైమంది ఉన్న ప్రభుత్వ బడిలో ఇది నడవదనే వారికి మధ్యప్రదేశ్ జవాబిచ్చింది. అక్కడి హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి అనే సంస్థ, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ కలిసి 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో విజ్ఞాన బోధన కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. అది 1978లో జిల్లా అంతటికీ పాకింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి దాన్ని ముందుకు తీసుకెళ్లింది. అవి ఆరు నుంచి ఎనిమిది తరగతులు, వయసు కాస్త ఎక్కువే. కానీ ఏర్పాట్లు ఏ తరగతికైనా పనికొచ్చేవి. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని ప్రతి బడికీ అందిన సామగ్రి పెట్టెతో పనిచేసేవారు. ‘బాల వైజ్ఞానిక్’ పాఠ్యపుస్తకం ప్రయోగాలూ ప్రశ్నలూ ఇచ్చేది, జవాబులు అచ్చువేసేది కాదు. ఉపాధ్యాయులు నెలనెలా కలుసుకుని తమ ఇబ్బందులు చర్చించుకునేవారు. టీచరుకు జవాబు తెలియకపోతే ఎలా అన్న భయానికి కూడా అక్కడ ఓ దారి కనిపెట్టారు. సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి పిల్లలు ఉత్తరాలు రాసేవారు, ఆయన పేరున జవాబులు వెళ్లేవి.

అన్నిటికంటే ఆలోచించదగ్గది అక్కడి పరీక్ష. పుస్తకాన్నీ, తాము రాసుకున్న నోట్సునూ పక్కన పెట్టుకుని పిల్లలు రాతపరీక్ష రాసేవారు. ప్రయోగ పరీక్ష వేరుగా ఉండేది. బట్టీ పట్టినదాన్ని అడిగే ప్రశ్నపత్రం చివర్లో కాచుకుని ఉంటే నవంబరుకల్లా తరగతి మళ్లీ గైడు పుస్తకం వైపే నడుస్తుంది. కాబట్టి ప్రణాళిక వేసే ఉపాధ్యాయుడు ముందుగా రాసుకోవాల్సింది చివరి ప్రశ్న. ‘మొలకెత్తడానికి కావలసినవి ఏవి?’ అని కాక, ‘ఒక పిల్లవాడు రెండు గిన్నెల్లో పెసలు పోసి, ఒకదాన్ని ఎండలో తడిపి, మరొకదాన్ని చీకట్లో పొడిగా ఉంచి, చీకట్లో గింజలు మొలవవని అన్నాడు, ఒప్పుకుంటావా?’ అని.