కందహార్ దారి

కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ళూ ఎక్కువే, అఫ్ఘన్లూ ఎక్కువే. సెంటర్‌విల్ వైపు కొన్ని వీధుల్ని చాలాకాలంగా "లిటిల్ కాబూల్" అంటారు. అక్కడ నేను రొట్టెలు కొనే దుకాణంలో ఒక పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. సోవియట్ యుద్ధం రోజుల్లో పెషావర్ శరణార్థి శిబిరంలో ఉర్దూ నేర్చుకున్నారట. నాది హైదరాబాదు ఉర్దూ. నేను "హౌ", "నక్కో" అన్నప్పుడల్లా నవ్వుతారు.

2021 ఆగస్టు 15న తాలిబాన్ రెండోసారి కాబూల్‌లో అడుగుపెట్టింది. ఆ వారం దుకాణంలో ఎవరూ నవ్వడం లేదు. అందరి కళ్ళూ టీవీ మీదే. ఉండబట్టలేక అడిగేశాను: "అసలు మొదట్లో వీళ్ళని మీవాళ్ళు ఎలా రానిచ్చారు చాచా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొదటిసారి వచ్చినప్పుడు కందహార్‌లో మా చుట్టాలు సంతోషించారు బేటా. దారి తెరిచారు కదా!" అన్నారు.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. మతపిచ్చి, తుపాకులు, పాకిస్తాన్ కుట్ర అని మనం మూడు ముక్కల్లో తేల్చేస్తాం. ఆ మూడూ ఉన్నాయి, కాదనలేం. కానీ అంతటి ఉద్యమం ఒక మూసుకుపోయిన రోడ్డు దగ్గర బలం పుంజుకుందన్న సంగతి మనం పట్టించుకోం. పులిహోర తాలింపులో మనం వేసే ఇంగువ కూడా ఎంతో కొంత ఆ దేశపు కొండల నుంచి వచ్చేదే. ఆ సరుకు నడిచే దారుల కథ కాబట్టి మనకు మరీ పరాయి కథ కాదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1978 ఏప్రిల్‌లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన కమ్యూనిస్టు ప్రభుత్వం పల్లెల్లో తిరుగుబాట్లను తట్టుకోలేకపోయింది. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగాయి. వాళ్ళతో పోరాడిన ముజాహిదీన్లకు అమెరికా, సౌదీ అరేబియా డబ్బిచ్చాయి. అందులో ఏ వర్గానికి ఎంత అన్నది పాకిస్తాన్ గూఢచారి సంస్థ ఐఎస్ఐ తేల్చేది. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనల ఉపసంహరణ పూర్తయింది. వాళ్ళు నిలబెట్టిన నజీబుల్లా ప్రభుత్వం ఎన్నాళ్ళో ఉండదనుకుంటే మరో మూడేళ్ళు నిలిచింది. సోవియట్ యూనియనే లేకుండా పోయి, సాయం ఆగిపోయాక, 1992 ఏప్రిల్‌లో పడిపోయింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. అక్కడ మాత్రం అసలు నరకం అప్పుడే మొదలయింది. గెలిచిన వర్గాలు కాబూల్ కోసం తమలో తాము కొట్టుకున్నాయి. రబ్బానీ అధ్యక్షుడు, మస్సూద్ ఆయన సేనాని. పేరుకు ప్రధానమంత్రి అయిన హెక్మత్యార్ తన రాజధాని మీద తానే రాకెట్లు కురిపించాడు. పదేళ్ళ సోవియట్ యుద్ధంలో చాలావరకు నిలిచి ఉన్న కాబూల్, ఈ నాలుగేళ్ళలో వీధులకు వీధులు నేలమట్టమయింది. వేలమంది చచ్చిపోయారు.

దక్షిణాన కందహార్‌లో ఆ మాత్రం ప్రభుత్వం కూడా లేదు. నిన్నటి వీరులు చిన్న చిన్న ముఠా నాయకులయ్యారు. ఒక్కొక్కడూ తన పరిధిలో రోడ్డుకి అడ్డంగా గొలుసు కట్టి సుంకం వసూలు చేసేవాడు. పాకిస్తాన్ సరిహద్దులో చమన్ దాటి స్పిన్ బోల్దక్ మీదుగా కందహార్‌కు సుమారు వంద కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలో లారీ ఎన్ని గొలుసుల దగ్గర ఆగాలో, ఎంత ఇచ్చుకోవాలో ఎవరూ చెప్పలేరు. కందహార్ దానిమ్మలకు, ద్రాక్షకు పేరు. పండు మార్కెట్టుకు చేరేలోపే లాభమంతా గొలుసులకే పోయేది. ఇళ్ళూ పొలాలూ లాక్కునేవారు. ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కూడా ఎత్తుకుపోయేవారు.

మైవాంద్ ప్రాంతంలో సింగేసర్ అనే పల్లెలో ముల్లా ఒమర్ ఉండేవాడు. సోవియట్లతో పోరాటంలో ఒక కన్ను పోగొట్టుకున్నవాడు. అప్పటికి పెద్ద నాయకుడేమీ కాదు. 1994లో ఒక ముఠా నాయకుడు ఇద్దరు ఆడపిల్లల్ని ఎత్తుకుపోయాడని, ఒమర్ కొద్దిమంది మదరసా విద్యార్థులతో వెళ్ళి వాళ్ళని విడిపించి, ఆ నాయకుణ్ణి ట్యాంకు గొట్టానికి ఉరి వేశాడని చెప్తారు. ఇందులో ఎంత నిజం, ఎంత కల్పన అన్నది పక్కన పెడదాం. ఆ రోజుల్లో జనం అలాంటి కథ కోసమే ఎదురుచూస్తున్నారు. అందుకే అది లారీల కంటే వేగంగా ఊళ్ళు తిరిగింది.

తాలిబ్ అంటే విద్యార్థి. తాలిబాన్ అంటే విద్యార్థులు. పాకిస్తాన్‌లో అప్పటికి ముప్పై లక్షల దాకా అఫ్ఘన్ శరణార్థులు తలదాచుకున్నారు. శిబిరాల్లో పుట్టిన పిల్లలకు తిండి, పడక, చదువు ఉచితంగా దొరికే చోటు మదరసాయే. అకోరా ఖటక్‌లోని హక్కానియా లాంటివి ఇందులో పెద్దవి. ఆ బోధనకు దేవ్‌బందీ అని పేరు. 1866లో మన ఉత్తరప్రదేశ్‌లోని దేవ్‌బంద్‌లో మొదలైన విద్యాలయం పేరది. అయితే సరిహద్దు మదరసాల్లో యుద్ధమూ, సౌదీ డబ్బూ కలిసి అది వేరే రూపం తీసుకుంది. 2008లో దేవ్‌బంద్ పెద్దలే ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించారు. ఈ శిబిరాల పిల్లల్లో చాలామంది తాతలనాటి పొలం దున్ని ఎరగరు. కులపెద్దల పంచాయతీలో కూర్చోలేదు. తల్లీ అక్కచెల్లెళ్ళూ ఉన్న ఇంట్లో పెరగనివాళ్ళూ ఉన్నారు. యుద్ధం తప్ప ఇంకో పని నేర్పినవాళ్ళు లేరు.

మనుషులు దొరికారు. మరి డబ్బు? అది రోడ్డే ఇచ్చింది. క్వెట్టా లారీ వ్యాపారులకు గొలుసులు పోవాలి. పాకిస్తాన్ ప్రభుత్వానికి మధ్య ఆసియా దాకా దారి కావాలి. 1994 అక్టోబరులో తాలిబాన్ స్పిన్ బోల్దక్‌ను పట్టుకుంది. దగ్గర్లోని ఆయుధాల గిడ్డంగి చేతికొచ్చింది. అప్పుడే పాకిస్తాన్ హోంమంత్రి నసీరుల్లా బాబర్ తుర్కమెనిస్తాన్‌కు సుమారు 30 లారీల సరుకు పంపించాడు. కందహార్ దగ్గర ముఠాలు వాటిని ఆపేశాయి. నవంబరు మొదట్లో తాలిబాన్ వచ్చి లారీల్ని విడిపించి, ఆ ఊపులోనే రెండు రోజుల్లో కందహార్‌ను తీసుకుంది. గొలుసులు తెగాయి. ఇక ఒక్కచోట సుంకం కడితే చాలు. లారీల వాళ్ళు చందాలిచ్చారు. మదరసాల నుంచి వేలమంది కుర్రాళ్ళు తరలివచ్చారు.

మూడు నెలలు తిరిగేసరికి దేశంలోని 31 రాష్ట్రాల్లో 12 వాళ్ళ చేతిలో ఉన్నాయి. చాలాచోట్ల యుద్ధమే జరగలేదు. కొందరు నాయకులు డబ్బు పుచ్చుకుని తప్పుకున్నారు. కొందరు భయపడ్డారు. కొన్ని ఊళ్ళు ఎదురెళ్ళి పిలుచుకున్నాయి. రాజు జహీర్ షాను వెనక్కి తెచ్చేందుకే వీళ్ళు వచ్చారని నమ్మినవాళ్ళూ ఉన్నారు. ఆయుధాలు పోగుచేసి, శాంతి తెచ్చి పక్కకు తప్పుకుంటారనుకున్నారు.

తప్పుకోలేదు. కాబూల్ ముందు 1995 మార్చిలో మస్సూద్ వాళ్ళని వెనక్కి కొట్టాడు. సెప్టెంబరులో వాళ్ళు హెరాత్‌ను పట్టుకున్నారు. పారశీక కవులు తిరిగిన ఆ ఊరికి వాళ్ళ భాషా కొత్తే, ఆంక్షలూ కొత్తే. 1996 ఏప్రిల్‌లో కందహార్‌లో ముల్లా ఒమర్ ప్రవక్తదని భావించే వస్త్రాన్ని జనం ముందు పట్టుకుని నిలబడ్డాడు. అమీర్-ఉల్-మొమినీన్, అంటే విశ్వాసులకు నాయకుడు అన్నారు. రోడ్డు కాపలాదారు దైవాజ్ఞకు ప్రతినిధి అయింది అక్కడే. కాపలాదారుణ్ణి ప్రశ్నించవచ్చు, ప్రతినిధిని ప్రశ్నిస్తే పాపం.

1996 సెప్టెంబరు 27న కాబూల్ వాళ్ళ వశమయింది. ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో తలదాచుకున్న నజీబుల్లాను లాక్కొచ్చి చంపి వేలాడదీశారు. ఆడపిల్లల బళ్ళు మూతపడ్డాయి. ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు ఇంటికే పరిమితమయ్యారు. 1998 ఆగస్టులో మజారే షరీఫ్‌లో హజారా తెగవాళ్ళను ఊచకోత కోశారు. 2001 మార్చిలో బామియాన్ బుద్ధుల్ని పేల్చేశారు. దారి భద్రతకు కట్టిన సుంకం ఎవరు కట్టారో ఇప్పుడు లెక్క చూడండి. బేరం కుదుర్చుకున్నది లారీ వ్యాపారులు, ముఠా నాయకులు, పొరుగుదేశపు మంత్రులు. ఖరీదు చెల్లించింది ఆ బేరంలో మాటైనా అడగబడని ఆడవాళ్ళు, హజారాలు. జనం పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డారు.

2001 చివర్లో అమెరికా దాడితో తాలిబాన్ కూలిపోయింది. అమెరికా డబ్బుతో కాబూల్-కందహార్ రోడ్డు వేసి 2003 డిసెంబరులో ఆర్భాటంగా ప్రారంభించారు. ఏం లాభం? కొన్నేళ్ళకే ఆ రోడ్డు మీద తాలిబాన్ బాంబులూ, ప్రభుత్వ పోలీసుల మామూళ్ళూ పోటీపడ్డాయి. హైదరాబాదుకు చెందిన ఒక టెలికాం ఇంజనీరును 2006 ఏప్రిల్‌లో, ఆ రోడ్డు వెళ్ళే జాబుల్ రాష్ట్రంలోనే, ఎత్తుకుపోయి చంపేశారు. పొట్టకూటికి దేశం వదిలిన మనలాంటి మనిషే. ఆ వార్త చదివిన రోజు, కందహార్ దారి మన ఊరి దాకా వచ్చిందనిపించింది.

పోలీసు చేయి చాచే చోట, కోర్టులో కేసు ఏళ్ళ తరబడి తేలని చోట, ఒక్కరోజులో తీర్పు చెప్పే ముల్లా మళ్ళీ న్యాయమూర్తిగా కనిపించాడు. 1994లో గొలుసులు చేసిన పనినే ఈసారి లంచాలు చేశాయి. మిగతా కారణాలు చాలా ఉన్నాయి. 2020 ఫిబ్రవరిలో దోహాలో అమెరికా నేరుగా తాలిబాన్‌తో ఒప్పందం చేసుకుంది. కాబూల్ ప్రభుత్వానికి అందులో చోటే లేదు. అయినా 2021లో ఊరి తర్వాత ఊరు పెద్దగా పోరాటం లేకుండా లొంగిపోవడం చూసినప్పుడు, ఆ పాత కందహార్ కథే గుర్తొచ్చింది.

మొన్న రొట్టెల కోసం వెళ్ళినప్పుడు చాచాని అడిగాను, కందహార్‌లో మీవాళ్ళు ఎలా ఉన్నారని. మేనల్లుడు లారీ నడుపుతున్నాడట. రాత్రిళ్ళు కూడా భయం లేదట. "వాడి కూతురు?" అన్నాను. ఆరో తరగతి అయిపోయిందన్నారు. అక్కడ ఆడపిల్లలకు ఆరుతో చదువు ఆఖరు.

ఆయన ఇంకేమీ అనలేదు. వేడి రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చారు.