బంతిని పంచి గెలిచినవారు: లాలాగూడ పరిసరాల ఫుట్‌బాల్ చరిత్ర

సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు తూర్పున లాలాగూడ, దానికి దక్షిణాన తార్నాక, ఆ పైన ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఒకదానినొకటి ఆనుకొని ఉన్నా, ఈ పరిసరాలు మూడు వేర్వేరు అవసరాల నుంచి రూపు దిద్దుకున్నాయి. 1893లో నిజాం హామీ రైల్వే, అంటే వాటాదారులకు రావలసిన వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీ పడిన రైల్వే కంపెనీ, లాలాగూడలో బోగీల మరమ్మతుకు వర్క్‌షాపు నెలకొల్పడంతో ఆ ఊరు కార్మికుల ఊరుగా మారింది. ఫిట్టర్లు, కమ్మరులు, వడ్రంగులు, డ్రైవర్లు, గార్డులు రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు, వారిలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చెప్పుకోదగినన్ని ఉండేవి. ఉత్తరాన 1806 నుంచీ ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంటులో, అంటే బ్రిటిష్ సైన్యపు విడిది పట్టణంలో, పటాలాల వెంట వచ్చిన ఫుట్‌బాల్ అక్కడి నుంచి చుట్టుపక్కల బస్తీల ఖాళీ స్థలాలకు పాకింది. దక్షిణాన, 1917 నాటి నిజాం ఫర్మానాతో ఏర్పడి ఉర్దూలో ఉన్నత విద్య నేర్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆటను చదువులో భాగంగా చూసే పట్టభద్రులను తయారు చేసింది.

సైనికుడు, కార్మికుడు, విద్యార్థి అనే ఈ మూడు లోకాలూ కలిసిన చోటు ఫుట్‌బాల్ మైదానమే కాబట్టి, అక్కడ ఒక ఆటగాణ్ణి మిగిలినవారు తమవాడని ఎప్పుడు ఒప్పుకున్నారు, ఎందుకు ఒప్పుకున్నారు అన్నది హైదరాబాద్ క్రీడాచరిత్రలో తప్పక అడగవలసిన ప్రశ్న. అమెరికా కళాశాలల్లో ఆడే ఫుట్‌బాల్‌లో ఈ ప్రశ్న క్వార్టర్‌బ్యాక్ అనే ఒక్క ఆటగాడి చుట్టూ తిరుగుతుంది. దాడిలో దాదాపు ప్రతి ఎత్తుకూ బంతి ముందుగా అతని చేతికే వస్తుంది, దానిని ఎవరికి విసరాలో, ఎవరి చేతికి అందించాలో క్షణాల్లో నిర్ణయించేది అతడే గనుక, శిక్షకుడు ఎంపిక చేసినంత మాత్రాన సహచరులు గానీ వేలాది అభిమానులు గానీ అతణ్ణి నాయకుడిగా అంగీకరించరు. కాలితో ఆడే మన ఫుట్‌బాల్‌లో అంతటి అధికారం ఏ ఒక్కరికీ లేదు. అయినా ఆనాడు వాడుకలో ఉన్న రెండు–మూడు–అయిదు అమరికలో, అంటే వెనుక ఇద్దరు రక్షకులు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, ముందు అయిదుగురు దాడి ఆటగాళ్లు ఉండే ఏర్పాటులో, దాడివరుస నడుమ సెంటర్ ఫార్వర్డ్‌కు ఇరుపక్కలా ఆడే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లు దాదాపు అదే పని చేసేవారు. వెనుక నుంచి వచ్చిన బంతిని అందుకొని, ఎటు పంపితే దారి తెరుచుకుంటుందో చూడవలసినది వారే.

హైదరాబాద్‌లో ఆ చూపును ఒక శాస్త్రంగా నేర్పినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో జన్మించిన రహీమ్ ఉస్మానియాలో పట్టం పుచ్చుకొని, విశ్వవిద్యాలయ జట్టులోనూ కమర్ క్లబ్బులోనూ ఆడి, కాచిగూడ మిడిల్ స్కూలుతో మొదలుపెట్టి నగరంలోని పలు పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1939లో ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమయ్యేనాటికి ఆయన విద్యార్థి దశ దాటి బడిపంతులయ్యాడు. ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అదే ఏడాది బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్ పోటీలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బ్రిటిష్ వైమానిక దళ జట్టును ఓడించింది. పాలకుల ఆటలో పాలకులనే ఓడించగల సత్తా నగరానికి అప్పటికే ఉంది. ఆ సత్తా ఇద్దరు ముగ్గురు నేర్పరుల కాళ్లకే పరిమితం కాకుండా పదకొండు మందికీ పంచడం ఎలా అన్నదే రహీమ్ చేపట్టిన పని.

అందుకు ఆయన చేసిన ఏర్పాటు ఎంత సూటిదో అంత లోతైనది. సంఘం తరఫున నడిపిన కొన్ని పోటీల్లో డ్రిబ్లింగును, అంటే బంతిని కాళ్ల మధ్యే ఆడిస్తూ ఎదుటివారిని తప్పించుకుంటూ పోవడాన్ని, నిషేధించాడు. బంతి అందిన ఆటగాడు దానిని వెంటనే మరొకరికి పంపి తీరాలి. మరికొన్ని పోటీల్లో ఆటగాడికి అలవాటు లేని కాలితోనే బంతిని తన్నాలన్న నియమం పెట్టాడు. కుడికాలి వాటం ఉన్న కుర్రవాడు ఎడమ కాలితో మాత్రమే ఆడవలసి వచ్చినప్పుడు తొలి రోజుల్లో తడబడతాడు, బంతి పక్కకు పోతుంది, చూసేవారు నవ్వుతారు. కొన్నాళ్లకు ఆ కాలికీ బలం వచ్చాక, ఏ వైపు నుంచి వచ్చిన బంతినైనా శరీరం తిప్పుకోకుండా ఒకే తాకుతో పంపగల ఆటగాడు తయారవుతాడు. ఈ నియమాలు నైపుణ్యం కోసం పుట్టినవే అయినా, జట్టు లోపలి మర్యాదలను కూడా అవి మార్చాయి. బంతిని దగ్గర ఉంచుకోవడం కుదరని చోట ఎంతటి నేర్పరి అయినా తల ఎత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడక తప్పదు, తోటివాడు కూడా తనకు బంతి వస్తుందన్న నమ్మకంతో ముందుకు పరుగెత్తుతాడు. హైదరాబాద్ జట్లలో కొత్తవాడికి ఆమోదం దొరికినది ఈ పరస్పర నమ్మకం ద్వారానే అని చెప్పడానికి ఆ జట్ల ఆటతీరే సాక్ష్యం.

రహీమ్‌కు కూడా ఆ ఆమోదం అడగకుండా దక్కినది కాదు. 1950లో ఆయన సిటీ పోలీసు జట్టు శిక్షకుడిగా బాధ్యత తీసుకున్నప్పుడు, ఆయన ఎదుట ఉన్నవారు యూనిఫారపు క్రమశిక్షణకు, తమ పై అధికారి మాటకు అలవాటు పడిన పోలీసులు. ఆయన చూస్తే ఏ హోదా చిహ్నమూ లేని ఉపాధ్యాయుడు. అధికారం చేతిలో లేనివాడు మాట నెగ్గించుకోవాలంటే ఆ మాట మైదానంలో నిజమని తేలాలి. అది తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1891 నుంచి బొంబాయిలో జరుగుతున్న రోవర్స్ కప్పును సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు గెలిచింది, 1950లో డ్యూరాండ్ కప్ తుది పోరులో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ను ఓడించింది, 1954లోనూ 1957లోనూ మళ్లీ ఆ కప్పును సాధించింది. రాష్ట్రాల, సంస్థల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57లోనూ 1957–58లోనూ కైవసం చేసుకుంది.

ఈ జట్లలోకి వచ్చిన యువకులలో తులసీదాస్ బాలరామ్ కథ ఆమోదం అన్న విషయానికి అన్నిటికన్నా దగ్గరగా నిలుస్తుంది. 1936లో సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించిన బాలరామ్, కంటోన్మెంటు చుట్టుపక్కల ఎందరో పిల్లల్లాగే సైనికుల ఆట చూస్తూ ఫుట్‌బాల్ నేర్చుకున్నాడు. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవారి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్న సంగతి ఆయన గురించిన కథనాల్లో కనిపిస్తుంది. ఆర్మీ కంబాట్ ఫోర్స్, రైడర్స్ క్లబ్ జట్లలో ఆడుతున్న అతణ్ణి రహీమ్ గుర్తించి సంతోష్ ట్రోఫీ ఎంపిక శిబిరానికి పిలిచినప్పుడు, సికింద్రాబాద్ నుంచి నగరంలోని మైదానానికి రోజూ వెళ్లి రావడానికి డబ్బు లేదని ఆ కుర్రవాడు చెప్పాడు, రహీమ్ సైకిలు అద్దె తానే ఇచ్చాడు. ఆ అద్దె సైకిలు లేకపోతే భారత ఫుట్‌బాల్‌కు బాలరామ్ దక్కేవాడు కాడు. ఒక శిక్షకుడి గొప్పతనాన్ని కప్పుల లెక్కతో పాటు ఇలాంటి చిన్న ఖర్చుల్లోనూ వెతకాలి.

1956–57 సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్ జట్టులో చోటు సంపాదించిన బాలరామ్, ఇరవై ఏళ్ల వయసులోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులోనూ ఉన్నాడు. రహీమ్ శిక్షణలోని ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి సైన్యపు జట్టుకు వెళ్లిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా ఉన్నారు. ఆతిథేయి ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరిన ఆ జట్టు చివరకు నాలుగో స్థానంలో నిలిచింది. తంగరాజ్ ప్రయాణం కూడా గమనించదగినది. సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలైన అతడు గోలు ముందుకు మారి, ఆసియాలోనే పేరెన్నిక గన్న గోల్‌కీపర్ అయ్యాడు.

1957లో బాలరామ్ కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానులు నగరాన్ని రెండుగా చీల్చుకొని క్లబ్బును ఇంటిపేరులా మోసేవారు గనుక, బయటి నుంచి వచ్చినవాడికి అక్కడ మొదటి పరీక్ష ప్రత్యర్థి జట్టుతో కాదు, సొంత అభిమానులతోనే. అయితే దక్షిణాది ఆటగాళ్లకు ఈస్ట్ బెంగాల్‌లో అప్పటికే ఒక బాట పడి ఉంది. 1940ల చివర, 1950ల మొదట ఆ క్లబ్బు దాడివరుసలో ఆడిన అహ్మద్ ఖాన్, ధనరాజ్, సాలే, వెంకటేశ్, అప్పారావు అనే అయిదుగురినీ అభిమానులు పంచపాండవులని పిలిచారు, వారిలో అప్పారావు ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లినవాడు. దేశ విభజనతో ఊరూ ఇల్లూ పోగొట్టుకొని వచ్చిన తూర్పు బెంగాల్ కుటుంబాలే ఆ క్లబ్బు అభిమానుల్లో ఎక్కువ కావడం దీనికి ఒక కారణం అయి ఉండాలి. కొత్త చోట తమకంటూ ఒక నెలవు కోసం పోరాడుతున్నవారికి, దూరం నుంచి వచ్చి తమ రంగు చొక్కా కోసం ఒళ్లు దాచుకోకుండా ఆడినవాడు పరాయివాడిగా కనిపించడు.

ఆ ఆమోదం 1961లో పూర్తి రూపు దాల్చింది. ఆ ఏడాది జట్టు నాయకుడు బాలరామే. 1952 తర్వాత చేతికి అందని కలకత్తా లీగ్ విజయాన్ని ఈస్ట్ బెంగాల్ అతని నాయకత్వంలో తొమ్మిదేళ్లకు తిరిగి సాధించింది, లీగులో అత్యధిక గోల్స్ చేసినవాడూ అతడే. అంతకు ముందు ఏడాది రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా పెరూ మీదా భారత్ చేసిన గోల్స్ అతనివే. భారత దాడివరుసలోని పీకే బెనర్జీ, చూనీ గోస్వామి, బాలరామ్ అనే ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో పలకడం దేశానికి అలవాటైంది. తానే గోలు చేయగలిగి కూడా, మెరుగైన చోట ఉన్న సహచరుడికి బంతి ఇవ్వగలగడం రహీమ్ బడిలో చదివినవాడి గుర్తు, బాలరామ్‌ను గురించి తోటి ఆటగాళ్లు చెప్పిన మాటల్లో ఎక్కువగా వినిపించేదీ అదే.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈ తరం ఎదుర్కొన్న పరీక్ష మరింత కఠినమైనది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా అనుమతి నిరాకరించడాన్ని భారతీయుడైన క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుబట్టడంతో, అక్కడి ప్రజల కోపం భారత బృందం మీదికి మళ్లింది. ఫైనల్ నాడు సుమారు లక్ష మంది ప్రేక్షకుల్లో అత్యధికులు ఎగతాళి అరుపులతో భారత జట్టును ఎదుర్కొన్నారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీమ్ రక్షకుడి స్థానం నుంచి ముందువరుసకు మార్చాడు, అనారోగ్యం నుంచి కోలుకున్న తంగరాజ్‌ను మళ్లీ గోలు ముందు నిలిపాడు. తొలి మ్యాచ్‌లో తమను 2–0తో ఓడించిన దక్షిణ కొరియాను, పీకే బెనర్జీ, జర్నైల్ చేసిన గోల్స్‌తో భారత్ 2–1 తేడాతో ఓడించి స్వర్ణం గెలుచుకుంది. అభిమానులు దాదాపు లేని స్టేడియంలో జట్టుకు ఆసరా అయినది ఒకరిమీద ఒకరికి ఉన్న నమ్మకమే. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపిన రహీమ్ 1963 జూన్ 11న కన్నుమూశాడు.

ఆ మరణంతో ఒక వ్యక్తితో పాటు ఒక పద్ధతి కూడా పోయింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినా, రహీమ్ నడిపిన ఆ ప్రత్యేక పోటీలకు వారసులు కరువయ్యారు. ఆటగాడి బతుకుదెరువు పోలీసు శాఖలోనో, రైల్వేలోనో దొరికే ఉద్యోగం మీదే ఆధారపడి ఉండటం కూడా ఈ చరిత్రలో మరువరాని అంశం. బాలరామ్ కూడా 1963లో ఈస్ట్ బెంగాల్ వదలి బీఎన్ఆర్‌లో, అంటే ఆగ్నేయ రైల్వే నడిపిన జట్టులో చేరాడు, ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఇరవై ఏడేళ్లకే ఆటకు దూరమయ్యాడు. లాలాగూడ వంటి ఊరిలో రైల్వే కొలువు తరాలకు అన్నం పెట్టినట్టే, దేశంలో ఎందరో ఆటగాళ్లకు మైదానం తర్వాతి జీవితాన్ని ఇచ్చినదీ రైల్వేయే. ఉస్మానియా విశ్వవిద్యాలయం మాత్రం రహీమ్ వంటి గురువును ఇచ్చి కూడా, ఆయన బోధనను తన ప్రాంగణంలో ఒక సంప్రదాయంగా నిలుపుకోలేకపోయింది. ఇది హైదరాబాద్ క్రీడకు జరిగిన పెద్ద నష్టాల్లో ఒకటి.

రహీమ్ తర్వాతి తరంలో ఆ ఆటతీరును కలకత్తాకు తీసుకుపోయినవారిలో సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ ముఖ్యులు. నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచింది. హబీబ్ అయితే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు బద్ధ ప్రత్యర్థి క్లబ్బులకూ ఆడి, మూడు వర్గాల అభిమానుల చేతా బడే మియా, అంటే పెద్దాయన, అనిపించుకున్నాడు. 1977 సెప్టెంబరులో న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తాకు వచ్చిన పెలే ఎదుట మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచినప్పుడు, ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్ కాలి నుంచి వచ్చినదే.